జనరల్ సావోవ్, ఎద్దుబండ్లు, ఒక రైల్వే లైను

బాల్కన్ యుద్ధాల (1912–13) మీద పుస్తకాలు తిరగేసేవాళ్ళకి బల్గేరియా జనరల్ మిహయిల్ సావోవ్ పేరు ఎక్కువగా ఒకే చోట తగులుతుంది. 1913 జూన్ చివర్లో, నిన్నటిదాకా పక్కన నిలబడి పోరాడిన సెర్బుల మీదకీ గ్రీకుల మీదకీ బల్గేరియా సైన్యాన్ని ఉసిగొల్పిన టెలిగ్రాముల కింద ఉన్న సంతకం ఆయనది. ఆ ఒక్క సంతకంతో మనిషి కథ అయిపోయిందనిపిస్తారు. అంతకు పదేళ్ళ ముందు ఆ సైన్యాన్ని రెజిమెంటు రెజిమెంటుగా కూర్చిన యుద్ధమంత్రి కూడా ఆయనే అన్న సంగతి ఫుట్‌నోట్‌లోకి జారిపోతుంది. నా లెక్కలో ఆ రెండూ ఒకే కథ. యుద్ధమంత్రి ఎవరి మనిషి, ప్రధానమంత్రి మనిషా, రాజు మనిషా అన్న ప్రశ్నకి బల్గేరియాలో ముప్ఫై ఏళ్ళపాటు తేలని జవాబే ఆయన ఉద్యోగ జీవితమంతా.

ముందు తేదీల గొడవ తేల్చుకుందాం. బల్గేరియా 1916 దాకా పాత జూలియన్ క్యాలెండరే వాడింది. ఆ ఏడాది మార్చి 31 తర్వాత నేరుగా ఏప్రిల్ 14 వచ్చింది. 19వ శతాబ్దపు తేదీలకైతే 12 రోజులు కలపాలి, 20వ శతాబ్దానివైతే 13. ఒక పుస్తకంలో జూన్ 16 అనీ, ఇంకోదాంట్లో జూన్ 29 అనీ ఉంటే రెండూ ఒకే రోజు. ఈ తేడా గమనించకుండా రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చదివితే, దాడి జరిగాక రెండు వారాలకి ఆర్డరు వెళ్ళినట్టు కనిపిస్తుంది. ఇక్కడ అన్నీ కొత్త లెక్కలోనే ఇస్తున్నాను.

సావోవ్ 1857లో స్టారా జగోరాలో పుట్టాడు. అప్పటికది ఒట్టోమన్ పాలనలో ఉన్న ఊరు. 1877లో రష్యా-టర్కీ యుద్ధంలో ఆ ఊరు దాదాపు మొత్తం తగలబడిపోయింది. మరుసటి ఏడాది బల్గేరియా సంస్థానం ఏర్పడింది. దానికి సైన్యం కట్టినవాళ్ళు రష్యన్లు. 1885 దాకా యుద్ధమంత్రులు కూడా రష్యన్ జనరల్సే. బల్గేరియన్ కుర్రాళ్ళు కెప్టెన్ హోదాకి చేరితే గొప్ప. 1885 సెప్టెంబరులో, ఒట్టోమన్ల కిందే ఉన్న పక్క ప్రాంతం తూర్పు రుమేలియాని బల్గేరియా తనలో కలుపుకుంది. అది నచ్చని రష్యా జార్ తన ఆఫీసర్లందరినీ ఒక్కసారిగా వెనక్కి పిలిపించాడు. రెండు నెలలు తిరక్కుండానే సెర్బియా దండెత్తింది. రెజిమెంట్లు, పటాలాలు నడపాల్సిన భారమంతా ముప్ఫై ఏళ్ళు కూడా నిండని కెప్టెన్ల నెత్తిన పడింది. స్లివ్నిత్సా దగ్గర గెలిచారు కూడా. దాన్ని ఇప్పటికీ 'జనరల్స్ మీద కెప్టెన్ల గెలుపు' అని చెప్పుకుంటారు. ఆ కెప్టెన్లలో సావోవ్ ఒకడు. తర్వాతి పాతికేళ్ళూ బల్గేరియా సైన్యాన్ని నడిపింది ఈ బ్యాచే. అందరికీ అందరూ తెలుసు, అందరికీ అందరి మీదా ఏదో ఒక కోపం ఉంది. ఆ తర్వాత జరిగిన చాలా వాటికి మూలం ఇక్కడుంది.

1891లో, ముప్ఫై మూడేళ్ళకే, ప్రధాని స్తాంబోలోవ్ ప్రభుత్వంలో యుద్ధమంత్రి అయ్యాడు. ఇక్కడ పదవి సంగతి కాస్త విడమరచాలి. 1879 నాటి తర్నొవో రాజ్యాంగం ప్రకారం సర్వసేనాని రాజే, అప్పటి మాటలో ప్రిన్స్. మంత్రులు పార్లమెంటుకి జవాబుదారీ. మరి యుద్ధమంత్రి? కాగితం మీద మిగతా మంత్రుల్లాంటివాడే. ఆచరణలో మాత్రం అప్పటి రాజు ఫెర్డినాండ్ ఆ కుర్చీని తన సొంతానికి ఉంచుకున్నాడు. కేబినెట్ మారినా ఆ ఒక్క పేరు తనకి నచ్చినదే ఉండాలి. అంటే యుద్ధమంత్రి ప్రధాని బల్ల దగ్గర కూర్చుంటాడు, కళ్ళు మాత్రం రాజభవనం వైపుంటాయి.

1894లో ఇది బయటపడింది. తన భార్యతో స్తాంబోలోవ్‌కి సంబంధం ఉందని ఆరోపించి, సావోవ్ ఆయన్ని ద్వంద్వయుద్ధానికి పిలిచి, రాజీనామా చేశాడు. ఆరోపణ నిజమో కాదో వదిలేయండి, ఫలితం చూడండి. ఏడేళ్ళుగా దేశాన్ని గుప్పిట్లో పెట్టుకున్న ప్రధానితో అప్పటికే ఫెర్డినాండ్‌కి పొసగడం లేదు. ఆ ఖాళీ కుర్చీలో రాచో పెత్రోవ్ అనే సైనికాధికారిని కూర్చోబెట్టాడు. వారాలు గడిచేసరికి, మే నెలలో, స్తాంబోలోవ్ పదవే పోయింది. యుద్ధమంత్రి కుర్చీ లాగితే ప్రభుత్వం కూలుతుందని ఫెర్డినాండ్ అప్పుడే కనిపెట్టాడని నాకనిపిస్తుంది.

సావోవ్ తర్వాత సోఫియా సైనిక పాఠశాల అధిపతిగా పనిచేశాడు. 1903లో పెత్రోవే ప్రధాని కాగా, మళ్ళీ యుద్ధమంత్రిగా వచ్చి 1907 దాకా ఉన్నాడు. ఆయన చేసిన అసలు పని ఈ నాలుగేళ్ళలోనే ఉంది. 1903 ఆగస్టులో మాసిదోనియాలో ఇలిందెన్ తిరుగుబాటు లేచింది, ఒట్టోమన్ సైన్యం దాన్ని అణిచేసింది. బల్గేరియా చూస్తూ ఊరుకోవాల్సొచ్చింది. కారణం మనసు లేక కాదు, సైన్యం సిద్ధంగా లేక. ఆ తర్వాత పెట్టిన ఖర్చుకి పార్లమెంటులో పెద్దగా అడ్డు రాకపోవడానికి కారణం ఇదే.

సైన్యం కూర్పు మీద ఆయన హయాంలో వచ్చిన కొత్త చట్టం ఎలా పనిచేసిందో అంకెల్లో చూస్తే ముచ్చటేస్తుంది. దేశం మొత్తం 9 డివిజన్లు. శాంతికాలంలో డివిజన్‌కి 2 బ్రిగేడ్లు, బ్రిగేడ్‌కి 2 రెజిమెంట్లు. అంటే 36 రెజిమెంట్లు, ఒక్కోదాంట్లో 2 బెటాలియన్లే. మొత్తం కలిపి 60 వేల చిల్లర సైన్యం, చిన్న దేశం మోయగలిగినంత. యుద్ధం రాగానే రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. మొదటిది, ప్రతి రెజిమెంటూ రిజర్వు మనుషులతో 2 బెటాలియన్ల నుంచి 4కి ఉబ్బుతుంది. రెండోది, ప్రతి డివిజన్‌లోనూ మూడో బ్రిగేడ్ కొత్తగా పుడుతుంది. 37 నుంచి 54 దాకా నంబర్లున్న ఆ 18 రెజిమెంట్లకి శాంతికాలంలో ఉనికే లేదు. ఇప్పుడు లెక్క వెయ్యండి. 3 బ్రిగేడ్లు, 6 రెజిమెంట్లు, 24 బెటాలియన్లు. బెటాలియన్‌కి వెయ్యి తుపాకులు అనుకుంటే ఒక్క డివిజన్‌లో 24 వేల తుపాకులు. అప్పటి యూరప్‌లో చాలా దేశాల డివిజన్‌లో 12 నుంచి 16 బెటాలియన్లే ఉండేవి. బల్గేరియా డివిజన్ అంటే ఇంకోచోట చిన్న కోర్ (రెండు మూడు డివిజన్ల దళం) అన్నమాట. 1912 యుద్ధపటం మీద 'ఒక డివిజన్' అని చూసి తక్కువ అంచనా వేసేవాళ్ళు తప్పులో కాలేసేది ఇక్కడే.

ఈ పద్ధతికి రెండు జబ్బులున్నాయి. శాంతికాలంలో ఆరుగురిని పోషించి, యుద్ధానికి అరవై మందిని చెయ్యాలంటే ఆఫీసర్లు ఎక్కణ్ణుంచి వస్తారు? మూడో బ్రిగేడ్లలో కంపెనీలు నడిపినవాళ్ళలో చాలామంది రిజర్వు ఆఫీసర్లే. రెండోది గోదాము. తుపాకి ఉంటుంది, యూనిఫాం చాలదు. 1912లో రిజర్వువాళ్ళు చాలామంది ఇంటి బట్టల మీదే, మిలిటరీ టోపీ పెట్టుకుని, కాళ్ళకి 'త్సర్వులి' అనే పచ్చితోలు చెప్పులతో బయల్దేరారు. పిక్కలదాకా గుడ్డ చుట్టి తాళ్ళతో బిగించుకునే రకం అది. రైతుకి అలవాటైన చెప్పు కాబట్టి కాలు కరవదు. కానీ రోజుల తరబడి బురదలో నానితే తోలు మెత్తబడి సాగిపోతుంది, ఆరితే గట్టిపడి బిగుసుకుంటుంది.

ఆయుధాలకి వస్తే, 1904లో పారిస్ బ్యాంకు దగ్గర 10 కోట్ల ఫ్రాంకుల అప్పు తెచ్చారు. ఫ్రాన్స్ అప్పిస్తే ఫిరంగులు ఫ్రాన్స్‌వే కొనాలన్నది రాయని షరతు. అలా ష్నైడర్-క్రూజో 75 మి.మీ. ఫిరంగులు వచ్చాయి. వాటి గొప్ప గుండు పరిమాణంలో లేదు, వెనకతన్నులో ఉంది. పాత క్రుప్ 87 మి.మీ. ఫిరంగి పేలిస్తే బండి మొత్తం వెనక్కి దొర్లేది. మళ్ళీ ముందుకి నెట్టి, మళ్ళీ గురిచూసి, అప్పుడు రెండో గుండు. కొత్తదాంట్లో గొట్టం ఒక్కటే తన ఒరలో వెనక్కి జారి మళ్ళీ స్వస్థానానికి వచ్చేస్తుంది, చక్రాలు కదలవు. గురి చెదరదు కాబట్టి నిమిషంలో పది దాటి గుళ్ళు పోతాయి. అందుకే బ్యాటరీలో 6 ఫిరంగుల బదులు 4 చాలన్నారు. డివిజన్‌కి 9 బ్యాటరీలు, 36 ఫిరంగులు. తొమ్మిది డివిజన్లకి 324. ఫిరంగి వేగం పెరిగితే గుళ్ళ బండ్ల సంఖ్య కూడా అంతే పెరగాలని అందరికీ తెలుసు. కాగితం మీద కూడా రాసుకున్నారు. ఆ బండ్లని లాగేది ఎద్దులన్నది మాత్రం ఎవరూ మార్చలేకపోయారు.

తుపాకి మాన్లిహర్, ఆస్ట్రియాలోని స్టైర్ కర్మాగారానిది. పాత 1888 రకం మొదటి విడత మంత్రిత్వం రోజుల్నాటిది, 1895 రకం తర్వాతది. రెండూ బోల్టు తిప్పక్కర్లేకుండా నేరుగా లాగి నెట్టేవే. ఐదు తూటాలున్న రేకు క్లిప్పుని పైనుంచి మొత్తంగా నొక్కుతారు. ఆఖరి తూటా గొట్టంలోకి ఎక్కగానే ఖాళీ క్లిప్పు కింద ఉన్న కంతలోంచి నేలమీద పడిపోతుంది. వేగంలో దీన్ని మించింది ఆ రోజుల్లో తక్కువే. చిక్కులు మూడు. క్లిప్పుకి ఒకే దిక్కు ఉంది, చీకట్లో తలకిందులుగా దూర్చితే దిగదు. క్లిప్పు లేకపోతే విడి తూటాలతో మ్యాగజీన్ నింపడం కుదరదు, అంటే ఖాళీ రేకులు కూడా ఏరుకోవాల్సిన సామానే. ఇక ఆ కింద కంత ఉందే, కందకంలో పడుకున్న సైనికుడి తుపాకిలోకి బురద ఎక్కే దారి అదే. తూటా కూర్చునే చాంబరు మురికిపడితే పేలిన తూటా ఖాళీ తొడుగు బిగుసుకుంటుంది. తిప్పే బోల్టుకి దాన్ని మెల్లగా కదిలించే పట్టు ఉంటుంది, నేరుగా లాగేదానికి ఉండదు. అప్పుడు మడమతో తన్నడమే.

1907లో మంత్రిపదవి పోయింది. సరఫరా కొనుగోళ్ళ మీద పార్లమెంటు విచారణ మొదలైంది. సావోవ్‌ని రిజర్వుకి పంపేశారు. తప్పు ఎంతన్నది కోర్టులో తేలేలోపే యుద్ధం వచ్చిపడింది. తన మీద అంత మరక ఉన్న మనిషిని 1912లో ఫెర్డినాండ్ ఏరికోరి వెనక్కి పిలిచాడు. ఇచ్చిన హోదా చూడండి, 'సర్వసేనానికి సహాయకుడు'. సర్వసేనాని స్వయంగా ఫెర్డినాండే. యుద్ధమంత్రిగా నికిఫోరోవ్, ప్రధాన సైనికాధికారిగా ప్రణాళికలు గీసిన ఫిచెవ్ వేరే ఉన్నారు. సావోవ్ వీళ్ళెవరికీ జవాబు చెప్పక్కర్లేదు, కేబినెట్‌కి అసలే అక్కర్లేదు. పైన రాజు ఒక్కడే. చట్టాల్లో ఎక్కడా సరిగ్గా ఇమడని ఈ పదవే తర్వాత కొంప ముంచింది.

సెప్టెంబరు 30న సమీకరణ ప్రకటించారు, అక్టోబరు 18న ఒట్టోమన్లతో యుద్ధం. ఈ 18 రోజుల్లో 43 లక్షల జనాభా ఉన్న దేశం దాదాపు 6 లక్షల మందిని పిలిచింది. సర్వసేనాని కార్యాలయం పెట్టింది స్టారా జగోరాలో, సావోవ్ పుట్టిన ఊర్లోనే. పదేళ్ళ నాటి చట్టం అనుకున్నట్టే పనిచేసింది. అక్టోబరు 24కి కిర్క్ కిలిస్సే, నవంబరు 2కి లూలే బుర్గాస్ చేతికొచ్చాయి. ఒట్టోమన్ సైన్యం ఇస్తాంబుల్‌కి 40 కి.మీ. దూరంలో, నల్లసముద్రం నుంచి మర్మరా దాకా అడ్డంగా ఉన్న చటల్జా కోటల వరసలో చేరి నిలబడింది.

ఇక్కడ పటం ముందేసుకోండి. సోఫియా నుంచి ఇస్తాంబుల్ వెళ్ళే ఒకే ఒక్క రైల్వే లైను ఎద్రినే కోట మధ్యలోంచి పోతుంది. కోట ఇంకా ఒట్టోమన్ల చేతిలోనే ఉంది. కాబట్టి బల్గేరియా రైలు యాంబోల్‌లో ఆగిపోతుంది. అక్కడ దించిన ప్రతి గుండూ, ప్రతి రొట్టే ఎద్దుబండి ఎక్కాలి. యాంబోల్ నుంచి కిర్క్ కిలిస్సేకి తాడు పట్టి కొలిచినా 100 కి.మీ., అక్కణ్ణుంచి చటల్జాకి ఇంకో 120. ఎద్దుబండి రోజుకి 20 కి.మీ. నడుస్తుందనుకుంటే ఒక వైపుకే 11 రోజులు, అదీ దారి బాగుంటే. నవంబరు వానల్లో త్రేస్ మట్టి దారి ఎలా ఉంటుందో మన నల్లరేగడి మీద బండి తోలినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎద్దులు దారిలో మేత కూడా తింటాయి, అదీ బండిలోనే మోసుకెళ్ళాలి. మధ్యలో చిక్కిన ఒట్టోమన్ రైలు ముక్కలు కొంత ఆదుకున్నాయి గానీ, నిమిషానికి పది గుళ్ళు మింగే ఫిరంగికి అవేం సరిపోతాయి? దీనికి తోడు కలరా. కోటలు పగలగొట్టే పెద్ద ఫిరంగులేమో ఎద్రినే చుట్టూ ఉండిపోయాయి.

ఇంత తెలిసీ, ఒట్టోమన్లు సంధి మాట పంపినా, నవంబరు 17న దాడి చేశారు. ఫిచెవ్ వద్దన్నాడు. ఫెర్డినాండ్ కళ్ళముందు ఇస్తాంబుల్ గోపురాలు మెరుస్తున్నాయి. సావోవ్ రాజు వైపు నిలబడ్డాడు. రెండు రోజులు, పొగమంచు, రెండు పక్కలా సముద్రంలోంచి యుద్ధనౌకల కాల్పులు. చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, జాడ తెలియనివాళ్ళు కలిపి 12 వేలమంది. వెనక్కి తగ్గారు. (అవతలి వైపు గాయపడ్డ ఒట్టోమన్ సైనికులకి వైద్యం చెయ్యడానికి డాక్టర్ అన్సారీ బృందం ఆ డిసెంబరులోనే బొంబాయిలో ఓడెక్కింది. ఈ యుద్ధంతో మన దేశానికున్న ఒక సూటి సంబంధం అది.)

డిసెంబరు 3న చటల్జాలో కాల్పుల విరమణ మీద బల్గేరియా తరఫున సంతకం పెట్టినవాళ్ళలో సావోవ్ ఒకడు. ఆ షరతుల్లో ఒకటి మాత్రం శభాష్ అనిపిస్తుంది. బల్గేరియా సరుకు రైళ్ళు ఎద్రినే కోట మీదుగా చటల్జాకి పోవచ్చు, కోటలో ఉన్నవాళ్ళకి మాత్రం ఒక్క బస్తా కూడా దింపకూడదు. ఆకలితో ఉన్న కోట ముందునుంచే రొట్టెల రైళ్ళు పోయాయి. ఎద్దుబండ్ల లెక్క తెలిసినవాడు తప్ప ఇంకెవరూ అడగని షరతు అది. ఫిబ్రవరిలో యుద్ధం మళ్ళీ మొదలైంది, మార్చి 26న కోట పడింది, మే 30న లండన్‌లో సంధి కుదిరింది.

జూన్ నాటికి సైన్యం తుపాకి పట్టి తొమ్మిది నెలలు. మనుషులంతా రైతులు, కోతల కాలం. మాసిదోనియా పంపకం మీద సెర్బులు, గ్రీకులు మొండికేశారు. సావోవ్ ప్రభుత్వానికి ఒకటే మాట చెప్పాడు, కొద్ది రోజుల్లో యుద్ధమైనా మొదలుపెట్టండి, సైన్యాన్ని ఇళ్ళకైనా పంపండి, ఇలా నిలబెట్టి ఉంచలేను. సైనికంగా అది తప్పు మాట కాదు. ప్రధాని దానెవ్ రష్యా మధ్యవర్తిత్వానికి సిద్ధమవుతున్నాడు. ఈలోగా సావోవ్ సంతకంతో, కేబినెట్‌కి చెప్పకుండా, నాలుగో సైన్యానికి సెర్బుల మీద, రెండో సైన్యానికి గ్రీకుల మీద దాడి ఆర్డర్లు వెళ్ళాయి. జూన్ 29 రాత్రి మొదలైంది. రాజు చెప్పకుండా సావోవ్ ఆ పని చేశాడని నమ్మడం కష్టం. ఆ పదవే అలాంటిది.

అసలు పిచ్చి ఆ తర్వాత. జూలై 1న ప్రభుత్వం ఆపమంది. సావోవ్ ఆపమని ఆర్డరిచ్చాడు. బ్రెగల్నిత్సా నది దగ్గర సగం దాకా ముందుకెళ్ళిన నాలుగో సైన్యం అలాగే నిలబడిపోయింది. సెర్బులకి ఊపిరి పీల్చుకుని తిరగబడే టైము దొరికింది. ఆపినందుకు ఫెర్డినాండ్ సావోవ్‌ని జూలై 3న తీసేసి ఇంకో జనరల్ రాద్కో దిమిత్రియెవ్‌ని పెట్టాడు. దాడి చెయ్యమన్నందుకు కాదు, ఆపినందుకు! ప్రధాని మాట వింటే రాజు పీకేస్తాడు, రాజు మాట వింటే ప్రధాని నెత్తిన బండ పడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నాలుగు రోజుల్లో రెండింట్లోనూ పడ్డాడు.

నాకు ఆ ఆర్డరు కన్నా పెద్ద తప్పుగా కనిపించేది వేరే. డివిజన్లన్నీ సెర్బుల, గ్రీకుల వైపు తిప్పేసి ఉత్తర సరిహద్దుని దాదాపు ఖాళీగా వదిలేశారు. జూలై 10న రొమేనియా యుద్ధం ప్రకటించి డాన్యూబ్ దాటితే అడ్డుకోవడానికి సైన్యమే లేదు. తూర్పున ఐదు నెలలు చుట్టుముట్టి, చివరికి పెద్ద దాడి చేసి తీసుకున్న ఎద్రినేలోకి ఒట్టోమన్లు ఆ నెలలోనే దాదాపు ఎదురు లేకుండా తిరిగొచ్చేశారు.

సెప్టెంబరు 29న ఇస్తాంబుల్‌లో ఒట్టోమన్లతో సంధి. బల్గేరియా తరఫున సంతకాలు మూడు: సావోవ్, నాచొవిచ్, తోషెవ్. ఎద్రినే, కిర్క్ కిలిస్సే, లూలే బుర్గాస్ అన్నీ తిరిగిచ్చేశారు. ఏజియన్ సముద్రం మీద దెదెయాగాచ్ రేవు మాత్రం బల్గేరియాకి దక్కింది. కానీ ఆ రేవుకి వెళ్ళే ఒకే ఒక్క రైల్వే లైను ఎద్రినే పక్కన ఒట్టోమన్ నేల మీదుగా పోతుంది. అంటే సొంత రేవుకి సరుకు పంపాలన్నా పొరుగువాడి స్టేషను దాటాలి. ఏడాది కిందట ఎద్దుబండ్ల పాలు చేసిన లైనే అది. 1915లో బల్గేరియాని తమ వైపు తిప్పుకోవడానికి ఒట్టోమన్లు ఆ లైను ఉన్న నేలని వదులుకున్నారు. అప్పటికి యుద్ధమంత్రి కుర్చీలో ఉన్నది జెకోవ్. సావోవ్ 1920లో పారిస్‌లో బల్గేరియా రాయబారిగా వెళ్ళాడు, 1928లో ఫ్రాన్స్‌లోనే చనిపోయాడు.